అగ్గిపెట్టె బొమ్మకు ఒక పేజీ

లేబుల్ ఊడదీసేటప్పుడు తొందర పనికిరాదు. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి పాత చెక్క అగ్గిపెట్టెను అందులో వదలాలి. పది నిమిషాలకు జిగురు నాని అంచు కాస్త లేస్తుంది. అప్పుడు కూడా గోరు పెట్టకూడదు. పెట్టెను మెల్లగా కిందికి నొక్కితే కాగితం తనంతట తనే విడివడి నీటి మీదికి వస్తుంది. దాన్ని అరచేతి మీదికి తీసుకుని, అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన రెండు లావుపాటి పుస్తకాలు ఉంచితే మర్నాటికి ముడత లేకుండా ఆరుతుంది. రెండంగుళాలున్న ఆ కాగితం మీద ఓ ఓడో, ఓ నెమలో రంగు చెదరకుండా బయటపడినప్పుడు కలిగే సంతోషం ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

ముప్పై ఏళ్లుగా నేను అగ్గిపెట్టెల బొమ్మలు పోగుచేస్తున్నాను. ఈ సరదాకు ఇంగ్లీషులో ఫిల్యుమెనీ అని పేరుంది. 'ఇష్టం' అనే అర్థమున్న గ్రీకు మాటకు 'వెలుగు' అనే అర్థమున్న లాటిన్ మాటను జోడించి మార్జొరీ ఎవాన్స్ అనే బ్రిటిష్ సేకర్త 1943లో ఆ పేరు కట్టారు. మా ఊరి పిల్లలకు ఆ పేరుతో పనిలేదు. అగ్గిపెట్టెల అట్టల్నీ సిగరెట్టు పెట్టెల అట్టల్నీ కలిపి మేం బచ్చాలు అనేవాళ్లం. నేల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో బచ్చాలు పేర్చి, దూరం నుంచి చదునైన రాయి విసిరేవాళ్లం. గీత దాటి బయటికొచ్చినవన్నీ కొట్టినవాడివే. ఎక్కడపడితే అక్కడ దొరికే బొమ్మకు విలువ తక్కువ, ఊరికి ఎప్పుడో ఒకసారి వచ్చే బొమ్మకు ఎక్కువ. అరుదైనదాన్ని గుర్తుపట్టడం నాకు ఆ గీత దగ్గరే అలవాటైంది.

ఆరేళ్ల కిందట 'తెలుగునాట అగ్గిపెట్టె బొమ్మల సేకరణ' అని నాలుగు పేజీల వ్యాసం రాశాను. తెలుగు వికీపీడియాలో పెట్టాలని కోరిక. పెట్టేముందు మా మేనల్లుడికి చూపించాను. వాడు అక్కడ చాలాకాలంగా రాస్తున్నాడు.

"బాగుంది మామయ్యా. ఇవన్నీ నీకెలా తెలుసు?"

"ఆడాను, చూశాను, పోగుచేశాను. అలా తెలుసు."

"నువ్వు కాక ఇంకెవరైనా దీని గురించి రాశారా?"

"రాసి ఉండరు. అందుకేగా నేను రాసింది!"

"అయితే ఇది వికీకి వద్దు మామయ్యా. ముందు ఏదైనా పత్రికకు పంపు."

ఆ మాట ఆ పూట నన్ను చాలా బాధపెట్టింది. ఇన్నేళ్ల శ్రమకు విలువ లేదన్నట్టు వినిపించింది. వాడు చెప్పింది వేరే సంగతని తెలుసుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. మీకూ ఇలాంటి సరదా ఏదో ఉండే ఉంటుంది. బస్సు టికెట్లు దాస్తారో, ఊరి బావుల పేర్లు రాసుకుంటారో, పాత రేడియో వాల్వులు బాగుచేస్తారో. దాని గురించి లోకానికి చెప్పాలని, ఎప్పటికీ చెరిగిపోని చోట రాసిపెట్టాలని అనిపించడం సహజం, మంచిది కూడా. ఆ చోటు విజ్ఞానసర్వస్వమేనా అన్నది తేల్చుకోవడానికి ఈ అధ్యాయం.

మనం సాధారణంగా వేసుకునే ప్రశ్న 'నా సరదా అంత గొప్పదా?' అని. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎవరి సరదా వారికి గొప్పదే. వికీపీడియా అడిగేది చాలా చిన్న ప్రశ్న: ఈ విషయంతో ఏ లాభమూ, ఏ బంధుత్వమూ లేనివాళ్లు, నమ్మదగిన చోట, దీని గురించి వివరంగా రాశారా? అక్కడివాళ్లు దీన్ని విషయ ప్రాముఖ్యత అంటారు. రాసినవాళ్లు బయటివాళ్లు కావాలి, అచ్చయిన చోటికి మంచిచెడ్డలు చూసే సంపాదకుడు ఉండాలి, ఒక వాక్యంలో పేరు వచ్చిపోవడం కాక అసలు విషయం మీద కొంత రాత ఉండాలి. విషయం గంభీరమైనదా, చిల్లరదా అన్న ఊసే ఇందులో లేదు.

ఇది నాకు పూర్తిగా అర్థమైంది ఇస్త్రీపెట్టె కథ చదివాక. 1997లో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో ఫిల్ షా అనే యువకుడు పని నుంచి ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చేయాల్సిన బట్టలు ఎదురుచూస్తున్నాయి, మనసేమో కొండలెక్కడం మీద ఉంది. రెండూ కలిపేశాడు. అలా ఎక్స్‌ట్రీమ్ ఐరనింగ్ అనే సరదా పుట్టింది: కొండ కొమ్ము మీద, నీటి అడుగున, పరుగెడుతూ బట్టలు ఇస్త్రీ చేయడం. వినగానే పెదవి విరిచేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ 2002లో జర్మనీలో దానికి ప్రపంచ పోటీ జరిగింది. పత్రికలవాళ్లు వచ్చి రాశారు. బ్రిటన్ చానల్ 4 దాని మీద డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. రాసినవాళ్లెవరికీ ఇస్త్రీ పోటీలో వాటా లేదు. కనుక దానికి విజ్ఞానసర్వస్వంలో పేజీ ఉంది, ఉండటం న్యాయమే. మా బచ్చాల ఆట అంతకంటే పాతది, ఆడినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా దాని గురించి బయటివాళ్లు కూర్చుని రాసింది నాకు దొరకలేదు. ఇస్త్రీకి సాక్షులున్నారు, బచ్చాలకు లేరు. తేడా అంతే.

అగ్గిపెట్టె విషయంలోనే సాక్ష్యం పుష్కలంగా ఉన్న భాగం కూడా ఉంది. గీస్తే మండే అగ్గిపుల్లను మొదట అమ్మినవాడు స్టాక్‌టన్ పట్టణంలో మందుల దుకాణం నడిపిన జాన్ వాకర్. 1827 ఏప్రిల్ 7న చేసిన అమ్మకం ఆయన దుకాణం లెక్కల పుస్తకంలో ఉంది. మన దేశానికి మొదట స్వీడన్ నుంచి, జపాన్ నుంచి పెట్టెలు వచ్చేవి. 1923లో స్వీడిష్ పెట్టుబడితో విమ్కో కంపెనీ మొదలైంది. అంతకు ముందటేడు అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి పని నేర్చుకుని, తిరిగొచ్చి శివకాశిలో అగ్గిపెట్టెల తయారీ పెట్టారు. ఇవన్నీ పుస్తకాల్లో, పరిశోధనల్లో ఉన్నవే. వీటి మీద ఎవరైనా నిశ్చింతగా వ్యాసం రాయవచ్చు. నా నాలుగు పేజీల్లో ఈ భాగం అర పేజీ. మిగతా మూడున్నర పేజీలకూ సాక్షిని నేనొక్కణ్నే.

'జాగాకు కరువా? ఇంకో పేజీ ఉంటే నష్టమేమిటి?' అని నేనూ అడిగాను. కాగితం కాలంలో జాగా కరువు నిజమే. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మూడు సంపుటాల దాకా తెచ్చి, పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు దాన్ని అందుకున్నారు. అప్పట్లో ప్రతి పుటకూ డబ్బు కావాలి, కాగితం కావాలి, మనిషి ఆయుష్షు కావాలి. 2003 డిసెంబరులో మొదలై ఇవాళ లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియాకు ఆ ఇబ్బంది లేదు. అక్కడి ఇబ్బంది వేరు. లక్ష్మణరావు పుస్తకంలో వ్యాసం చదివితే దాని వెనక ఎవరున్నారో తెలుస్తుంది. వికీలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. నేను ఒక లేబుల్ కాలం '1957' అని రాశాననుకోండి. రేపు ఒక కుర్రాడు దాన్ని '1967' చేస్తే ఏది నిజమో మూడోమనిషి ఎలా తేల్చాలి? పక్కన మూలం ఉంటే తెరిచి చూస్తాడు. మూలం లేకపోతే నాకు ఫోన్ చేయాలి. నేను పోయాక ఎవరికి చేస్తారు? మూలం లేని పేజీకి కాపలా ఉండదు. మనకు ప్రాణమైన విషయాన్ని కాపలా లేని చోట వదలకూడదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

సరదాపరులందరం కాలుజారే చోటు ఇంకొకటుంది. దాన్ని వివరంగా చెబుతాను.

నా దగ్గర ఒక నీలం లేబుల్ ఉంది. మధ్యలో రెండు ఏనుగులు, కింద తెలుగులోనూ తమిళంలోనూ పేరు, ఓ మూల ధర. అచ్చయిన సంవత్సరం లేదు. అగ్గిపెట్టె లేబుళ్ల మీద సంవత్సరం ఉండదు, ఈ సరదాలో ఉన్న పెద్ద చిక్కు అదే. కానీ ధర నయా పైసల్లో ఉంది. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 'నయా' అనే మాట 1964 జూన్‌లో తీసేశారు. కనుక ఈ లేబుల్ ఆ ఏడేళ్లలోదే అయి ఉండాలి. ఆ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇలాంటివే మరో నలభై లేబుళ్లకు ఇదే పద్ధతిలో కాలం కట్టాను. నా వ్యాసానికి గుండెకాయ ఆ పట్టికే.

మా మేనల్లుడు ఆ పట్టిక దగ్గరే ఆగాడు. "ఇది పరిశోధన మామయ్యా. మంచి పరిశోధన. కానీ వికీ దృష్టిలో ఇది స్వంత పరిశోధన. అక్కడ కొత్తగా కనిపెట్టినది పెట్టరు, ఇప్పటికే అచ్చయినదాన్ని క్లుప్తంగా చెబుతారు" అన్నాడు.

ఈ తేడాను బాగా గుర్తుంచుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. మీ సరదాలో మీరు ఎంత లోతుకు వెళితే, మీకు తెలిసినదానిలో అంత ఎక్కువ భాగం ఇంకెవరూ రాయనిదై ఉంటుంది. అంటే మీ జ్ఞానంలో అతి విలువైన భాగమే విజ్ఞానసర్వస్వానికి పనికిరాకుండా పోతుంది. ఇది అన్యాయంలా కనిపిస్తుంది. కాదు. ఆ భాగం వెళ్లాల్సిన చోటు వేరే ఉంది, అక్కడికి ముందు వెళ్లాలి. ధాన్యం పొలం నుంచి నేరుగా విస్తరిలోకి రాదు కదా. కళ్లం ఉంది, మర ఉంది, వంటిల్లు ఉంది. మన పట్టిక ముందు ఒక పత్రికలోనో పుస్తకంలోనో అచ్చు కావాలి, ఒక సంపాదకుడు ప్రశ్నలు వేయాలి, తెలిసినవాళ్లు తప్పులు పట్టాలి. ఆ తర్వాత మరొకరు దాన్ని వికీలోకి తెస్తారు.

ఏది మూలమవుతుంది, ఏది కాదు అన్నదాంట్లోనూ మనం మోసపోతాం. జిల్లా పేజీలో మన ఫొటోతో వచ్చిన 'వింత అభిరుచి' వార్త చూసుకుని మురిసిపోతాం. చాలాసార్లు అది మనం చెప్పినదాన్ని చెప్పినట్టే దింపిన వార్త. విలేకరి విడిగా ఏమీ కనుక్కోలేదు. అలాంటివి అయిదున్నా ఒకే మనిషి మాట అయిదుసార్లు అచ్చయినట్టే లెక్క. డబ్బు కట్టించుకుని రికార్డు ధ్రువపత్రం ఇచ్చే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఆ చట్రం గోడకు అందంగా ఉండవచ్చు, సాక్ష్యంగా దాని బరువు సున్నా. మన సంఘం వేసుకున్న సావనీరు, మన వీడియో, మన ఫేస్‌బుక్ బృందం, ఇవన్నీ ఇంటిమనిషి సాక్ష్యాలు. బరువైనవి వేరు: పేరున్న ప్రచురణకర్త వేసిన పుస్తకం, విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథం, మ్యూజియం ప్రదర్శన సూచిక, పత్రిక స్వయంగా నలుగురిని కలిసి రాసిన పెద్ద కథనం. ఇలాంటివి వేర్వేరు చేతులు రాసినవి రెండు మూడు ఉంటే ధైర్యంగా కూర్చోవచ్చు. మూలం తెలుగులోనే ఉండాలని లేదు, ఆన్‌లైన్‌లో ఉండాలనీ లేదు. పాత వారపత్రిక సంచిక అయినా సరే, తేదీ, పుట సంఖ్య ఉంటే చాలు.

కాబట్టి 'ఎవరూ రాయలేదు' అని తేల్చేముందు వెతకాలి. నేను వెతక్కుండానే ఆ మాట అన్నాను. తర్వాత రెండు నెలల ఆదివారాలు దానికే కేటాయించాను. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలోకి తెచ్చిన పాత పత్రికలు చూశాను. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత సంచికల కట్టలు తిరగేశాను. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లాను. ఇలా వెతికేటప్పుడు మన మాటతో మాత్రమే వెతికితే ఏమీ దొరకదు. 'సేకరణ' అని వెతికితే రానిది 'అగ్గిపెట్టె పటాలు' అంటే రావచ్చు. ఆటల మీద రాసిన పుస్తకంలో ఉండవచ్చు, సిగరెట్టు ప్రకటనల మీద వ్యాసంలో ఉండవచ్చు, ఒక రచయిత బాల్య జ్ఞాపకాల్లో అర పేజీ ఉండవచ్చు. గ్రంథాలయంలో పాత సిబ్బందిని అడగడం అన్నిటికంటే మేలైన దారి. వాళ్లకు ఏ బీరువాలో ఏముందో చేతివేళ్ల మీద ఉంటుంది.

వెతికాక మూడింట్లో ఒకటి తేలుతుంది. మూలాలు గట్టిగా ఉంటే విడి పేజీ మొదలుపెట్టండి, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏమీ లేకపోతే ప్రస్తుతానికి పేజీ లేదు. ఈ రెంటికీ మధ్య ఒక చోటుంది, మన సరదాల్లో చాలావాటికి సరిపోయేది అదే. పెద్ద వ్యాసంలో ఒక చిన్న విభాగం. మన అహం దీన్ని ఒప్పుకోదు. సొంతిల్లు అడిగితే వసారా చూపించినట్టు అనిపిస్తుంది. కానీ చదివేవాడి వైపు నుంచి చూడండి. 'తెలుగునాట అగ్గిపెట్టె బొమ్మల సేకరణ' అని వెతుక్కుంటూ ఎంతమంది వస్తారు? 'అగ్గిపెట్టె' అని వెతికి వచ్చిన బడిపిల్లవాడు కింద నాలుగు వాక్యాల్లో 'దీని బొమ్మలు దాచుకునేవాళ్లు కూడా ఉన్నారు' అని చదివితే, ఆ రాత్రి వంటింట్లో అగ్గిపెట్టెను తిప్పి చూస్తాడు. నాకు ఆ నాలుగు వాక్యాలే ముద్దు.

మీ పేరు మీద, మీ సంఘం పేరు మీద మాత్రం మీరే పేజీ రాసుకోవద్దు. అవసరమనిపిస్తే సంబంధించిన వ్యాసం చర్చా పేజీలో మూలాలు పెట్టి, మీకు దానితో సంబంధం ఉందని చెప్పి, రాయడం ఇతరులకు వదిలేయండి. నిజాయతీగా అడిగినవాళ్లకు అక్కడ సాయం చేసేవాళ్లు ఉన్నారు. సందేహాలుంటే రచ్చబండ అనే అక్కడి చర్చావేదికలో అడగవచ్చు. రాయడం సాధన చేయడానికి ప్రతి సభ్యుడికీ ప్రయోగశాల ఉంటుంది.

బొమ్మలు పెట్టడం గురించి ఒక హెచ్చరిక. లేబుల్ మన చేతిలో ఉన్నంత మాత్రాన దాని మీద బొమ్మ హక్కు మనది కాదు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. గీసినవారి పేరు తెలియని బొమ్మకు అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ గడువు దాటి, అమెరికా చట్టం ప్రకారం కూడా హక్కు తీరినవాటిని వికీపీడియాకు బొమ్మలు అందించే వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. ఇక్కడే నా లాంటివాడి ముప్పై ఏళ్ల శ్రమ ఎంతో పనికొచ్చింది. ఒక్క వాక్యం కూడా రాయకుండా, స్పష్టమైన స్కాను, కొలతలు, ఎక్కడ దొరికిందన్న వివరం ఇస్తే అది రేపటి పరిశోధకుడికి సొమ్ము. రాతకు పేజీ దొరకలేదని దిగులుపడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇక ఏ పేజీకీ తగదని తేలిన సరదా సంగతి. 'ఇంకా సాక్ష్యం లేదు' అన్నదాన్ని 'విలువ లేదు' అని వినకండి. సాక్ష్యం లేకపోవడం చాలాసార్లు రాసేవాళ్లు లేకపోవడమే. తెలుగులో ఈ లోటు మరీ ఎక్కువ. ఆటలు, వంటింటి పనులు, పిల్లల సేకరణలు, ఆడవాళ్ల చేతిపనులు, వీటి మీద మన పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. ఆ ఖాళీని వికీపీడియా పూరించలేదు, దానికి ఆ పని లేదు. పూరించాల్సింది మనం, వేరే చోట. ఒక పత్రికకు వ్యాసం రాయండి. మీ జిల్లా కళాశాలలో చరిత్ర చెప్పే మాస్టారికి మీ పెట్టె తెరిచి చూపించండి, ఒక విద్యార్థి దాన్ని పరిశోధనకు తీసుకోవచ్చు. మీకు తెలిసిన సేకర్తలతో మాట్లాడి రికార్డు చేయండి. పదేళ్ల తర్వాత మీ పేరు తెలియని ఎవరో ఆ పేజీ మొదలుపెట్టినప్పుడు, అట్టడుగున మూలంగా మీ వ్యాసం ఉంటుంది. పేజీ రాయడం కంటే ఆ స్థానం పెద్దదని నా అభిప్రాయం.

నయా పైసల పట్టికను చివరికి ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడు రెండుసార్లు తిప్పి పంపారు. నలభై లేబుళ్లలో ఆరింటికి నా లెక్క తప్పని తేలింది. పాత ధర అచ్చు దిమ్మనే కొన్నాళ్లు వాడుకుని ఉండవచ్చు కదా అన్న ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఆరూ తీసేశాను. ముప్పై నాలుగుతో వ్యాసం అచ్చయింది. నేను నేరుగా వికీలో పెట్టి ఉంటే ఆ ఆరు తప్పులూ అక్కడ నిజాలుగా చలామణీ అయ్యేవి.

అగ్గిపెట్టె వ్యాసంలో ఇప్పుడు నేను చేర్చిన వాక్యాలు నాలుగున్నాయి, రెండు మూలాలతో. అందులో బచ్చాల ఊసు లేదు, ఇంకా సాక్ష్యం చాలదు. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఆ ఆట ఆడి ఉంటే, మీ ఊళ్లో దాన్ని ఏమనేవారో, ఏ బొమ్మకు ఎంత విలువో, గీత ఎంత దూరంలో గీసేవారో ఊరిపేరుతో, ఏడాదితో రాసి ఏదైనా పత్రికకు పంపండి. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే ఈ ఆదివారమే వాళ్ల దగ్గర కూర్చుని అడగండి.